పశుపతి నుంచి పులిగుహ దాకా

మన ఊళ్ళలో నేపాల్ చూసివచ్చినవారు వీధికొకరైనా దొరుకుతారు. కాశీయాత్రకు బయల్దేరినవారు గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటుతారు. పశుపతినాథుణ్ణి దర్శించుకుంటారు. ఓపికున్నవారు ముక్తినాథ్ దాకా వెళ్ళి 108 ధారల కింద తల తడుపుకుంటారు, కాళీగండకి ఒడ్డున సాలగ్రామం వెతుక్కుంటారు. వైష్ణవులకు ముక్తినాథ్ దివ్యదేశం. వీసా అక్కర్లేదు. మన 100 రూపాయలకు అక్కడ 160 వస్తాయి. ఇన్ని కారణాల వల్ల నేపాల్ మనకు పరాయి దేశమన్న స్పృహే సరిగా కలగదు.

భూటాన్ విషయం అలా కాదు. దాన్ని మనం ముందు బొమ్మల్లో చూశాం. కొండ చరియను పట్టుకుని వేలాడే తెల్లటి మఠం, మోకాళ్ళ దాకా అంగీ తొడుక్కున్న మగవాళ్ళు, స్థూల జాతీయ ఆనందం అనే మాట. నేపాల్‌లో రాణాల పాలన 1951లో ముగియడంతో విదేశీయులకు తలుపులు తెరుచుకున్నాయి. భూటాన్ మాత్రం 1974లో, నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం నాటికి గానీ పర్యాటకులను లోపలికి రానివ్వలేదు. రెండు దేశాలకూ ఉమ్మడి సరిహద్దు లేదు, మధ్యలో సిక్కిం, డార్జిలింగ్ కొండలున్నాయి. అయినా ఒకే మంచు వరుస నీడలో బతికే ఇరుగుపొరుగులే. ఖాట్మండు నుంచి పారో వెళ్ళే విమానంలో ఎడమవైపు కిటికీ దొరికి, మబ్బు లేకపోతే, ఎవరెస్టు మొదలు కాంచనజంగ దాకా కూర్చున్నచోటు నుంచే చూసేయవచ్చు.

ఈ రెండింటినీ ఒకే ప్యాకేజీగా కలిపి అమ్మడం ఇప్పుడు మామూలైంది. ఖాట్మండులో రెండు రాత్రులు, పోఖరాలో రెండు, విమానం ఎక్కి పారో, తర్వాత థింఫు, పునాఖా, మళ్ళీ పారో. గైడు వెంట ఉంటాడు, హోటళ్ళు ముందే ఖాయమై ఉంటాయి. ప్రతి రోజుకూ ఒక గుర్తు పెడతారు: ఇది 'సంస్కృతి' రోజు, అది 'సాహసం' రోజు. గుళ్ళు, మ్యూజియాలు మొదటి గడిలో, పడవ ప్రయాణాలు, కొండ నడకలు రెండో గడిలో. ఈ విభజన మీదే నాకు పేచీ. నేపాల్‌లోనైనా భూటాన్‌లోనైనా ఊరు ఎక్కడ ముగిసింది, కొండ ఎక్కడ మొదలైంది అని గీత గీయలేం. ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే పద్ధతి మాత్రం ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవలసింది ఆ పద్ధతినే.

ముందు ఊళ్ళు చూద్దాం. ఖాట్మండు లోయలో ఒక్క నగరం లేదు, మూడున్నాయి. ఖాట్మండు, పాటన్, భక్తపూర్ ఒకప్పుడు మల్ల రాజుల మూడు వేర్వేరు రాజ్యాలు. పక్కవాడి గుడి కంటే మన గుడి ఎత్తుగా ఉండాలన్న పోటీలో ముగ్గురూ ముచ్చటైన చౌకులు కట్టుకున్నారు. 1979లో యునెస్కో ఈ లోయలో ఏడు చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కించింది: మూడు దర్బారు చౌకులు, స్వయంభూ, బౌద్ధనాథ్ స్తూపాలు, పశుపతి, చాంగు నారాయణ్ ఆలయాలు. కానీ ఆ జాబితాలో ఉన్న గుడి అరుగు మీదే కూరగాయలు అమ్ముతుంటారు. దేవుడికి పొద్దున్న పూజ చేసిన, ఆ లోయ మూలవాసులైన నెవారీల ఇల్లాలు అదే పళ్ళెంతో నాలుగు వీధి మూలల్లోని నలుగురు దేవతలకు బియ్యం, కుంకుమ వేసి పోతుంది. ఇక్కడ వారసత్వం వాడకంలో ఉంది. వాడకంలో ఉన్న దేనికైనా అరుగుదల, మురికి, గొడవ తప్పవు. ఖాట్మండు చలికాలపు గాలి గొంతు పట్టేస్తుందన్నది నిజం, తామేల్ సందుల్లో నడవడానికి చోటుండదన్నదీ నిజం. అయినా బయటివాడు టికెట్టు కొనుక్కుని చూడటానికి వచ్చినచోటే ఊరివాడు తన పని తాను చేసుకుపోతున్నాడంటే, అది ఆ ఊరి ఆరోగ్యానికి గుర్తే.

థింఫు ఇందుకు పూర్తిగా ఎదురుకొస. ట్రాఫిక్ లైట్లు లేని రాజధాని అది, బొమ్మరిల్లులాంటి గూట్లో నిలబడి తెల్ల చేతితొడుగుల పోలీసు వాహనాలను నడిపిస్తాడు. కొత్త భవనమైనా కిటికీ చట్రం, చూరు సంప్రదాయ పద్ధతిలో ఉండాల్సిందే. ప్రభుత్వ కార్యాలయానికీ జోంగ్‌కీ వెళ్ళేవాళ్ళు మగవాళ్ళయితే ఘో, ఆడవాళ్ళయితే కిరా కట్టుకోవాల్సిందే. జోంగ్ అంటే కోట, మఠం, జిల్లా కచేరీ మూడూ ఒకే ప్రాకారంలో ఉన్న కట్టడం. 1637, 38 ప్రాంతాల్లో భూటాన్‌ను ఏకంచేసిన షబ్‌ద్రుంగ్ న్గవాంగ్ నమ్‌గ్యాల్ కట్టించిన పునాఖా జోంగ్ ఫో ఛూ, మో ఛూ నదులు కలిసేచోట నిలబడి ఉంటుంది, 1955 దాకా రాజధాని అదే. సగంలో సన్యాసులు చదువుకుంటుంటారు, సగంలో గుమాస్తాలు ఫైళ్ళు చూస్తుంటారు. పాటన్ చౌకులో దేవుడు వీధిలోకి వచ్చి కూర్చున్నాడు. పునాఖాలో దేవుడు, ప్రభుత్వం కలిసి ఒకే గోడ లోపల కాపురముంటున్నారు. రెండుచోట్లా మతం మ్యూజియంలోకి పోలేదన్నది పోలిక, అది ఎవరి చేతిలో ఉందన్నది తేడా.

ఈ తేడా బాగా తెలిసేది ఏదైనా కూలినప్పుడు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం నేపాల్‌లో దాదాపు 9,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఖాట్మండు పేరుకు మూలమైన కాష్ఠమండపం నేలమట్టమైంది. తర్వాత పురావస్తు శాఖవారు విదేశీ నిపుణులతో కలిసి తవ్వి చూస్తే, పునాది ఏడో శతాబ్దం నాటిదనీ, ఇంత భూకంపానికీ చెక్కుచెదరలేదనీ తేలింది. దాన్ని తిరిగి ఎలా కట్టాలన్న దానిపై ఏళ్ళ తరబడి వాదన నడిచింది. కాంట్రాక్టుకిచ్చి సిమెంటు పోస్తే ఊరుకోమని నగరవాసులు వీధికెక్కారు. రాణీ పోఖరీ చెరువు దగ్గరా అదే జరిగింది. అక్కడ కాంక్రీటు గోడ లేస్తుంటే జనం అడ్డుపడ్డారు, చివరికి ఇటుక, మట్టితోనే పని పూర్తయింది. గుళ్ళ మాన్యాలను, జాతరలను తరతరాలుగా నడిపించేవి గుఠీలనే నెవారీ సంఘాలు. వాటిని ప్రభుత్వం చేతిలోకి తీసుకునేలా 2019లో బిల్లు తెస్తే, లోయంతా కదిలివచ్చింది, బిల్లు వెనక్కి పోయింది. అంటే అక్కడ కట్టడాన్ని కాపాడేది జగడం. ఆలస్యమవుతుంది, అలసట వస్తుంది, కానీ కట్టినదాని మీద ఊరి హక్కు నిలబడుతుంది.

భూటాన్‌లో అదే పని నిశ్శబ్దంగా, పై నుంచి కిందికి జరుగుతుంది. 1998 ఏప్రిల్‌లో పారో లోయలోని తక్‌త్సాంగ్ మఠం, మనం పులిగుహ అని పిలుచుకునేది, అగ్నికి ఆహుతైంది. సామగ్రినంతా ఆ కొండ మీదికి చేర్చి, ఉన్నది ఉన్నట్టుగా 2005 నాటికి మళ్ళీ నిలబెట్టారు. 2012లో కాలిపోయిన వాంగ్దూ ఫోద్రాంగ్ జోంగ్‌ను పదేళ్ళకు పూర్తిచేసి 2022లో ప్రతిష్ఠ జరిపారు. వడ్రంగులకు, చిత్రకారులకు పని తప్పలేదు. చెక్క చెక్కడం నుంచి నేత దాకా 13 కళలను నేర్పే బడి థింఫులోనే ఉంది. పని తీరు చూస్తే అసూయ పుడుతుంది. అయితే వాదన వినపడలేదంటే వాదించవలసిన అవసరమే రాలేదనుకోవాలా, చోటు లేదనుకోవాలా? బయటి నుంచి వెళ్ళినవాడు దీనికి తేలిగ్గా జవాబు చెప్పకూడదు. భక్తపూర్‌లో 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల ఆలయం 1934 భూకంపాన్నీ, 2015 భూకంపాన్నీ తట్టుకుని నిలబడింది. దాని మెట్ల మీద సాయంత్రం కూర్చునే పిల్లలను చూసినా, తక్‌త్సాంగ్‌లో కొత్త రంగుల కింద దీపాలు వెలిగించే సన్యాసులను చూసినా, కాపాడిన పద్ధతి ఏదైతేనేం కాపాడారు కదా అనిపిస్తుంది. తర్వాత మళ్ళీ పద్ధతే ముఖ్యమనీ అనిపిస్తుంది.

2008వ సంవత్సరం ఈ రెండు దేశాలకూ పెద్ద మలుపు. ఆ మార్చిలో భూటాన్ మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికలు జరుపుకుంది, రాజే పట్టుబట్టి ప్రజలను ఓటుకు నడిపించాడు. ఆ మే నెలలో నేపాల్ రాజ్యాంగ సభ రాజరికాన్ని రద్దుచేసి గణతంత్రం ప్రకటించింది. ఒకచోట రాజు ప్రజాస్వామ్యాన్ని ఇచ్చాడు, రెండోచోట ప్రజలు లాక్కున్నారు. గైడులు ఈ సంగతి చెప్పరు, అడిగితే మాత్రం ఇద్దరూ వాళ్ళ వాళ్ళ దేశం గురించి ఆపకుండా మాట్లాడతారు.

ఇక కొండలు. అన్నపూర్ణ ప్రాంతంలో ఘోరేపానీ ఊరి పైన పూన్ హిల్ ఉంది, ఎత్తు 3,210 మీటర్లు. తక్‌త్సాంగ్ 3,120 మీటర్ల దగ్గర ఉంది. తేడా 90 మీటర్లే. ఎత్తులో కవలలైన ఈ రెండు చోట్లకూ మనుషులు ఎందుకు ఎక్కుతారో, ఎక్కి ఏం చేస్తారో చూస్తే రెండు దేశాల నడక అర్థమవుతుంది. పూన్ హిల్‌కు ముందురోజు ఉల్లేరి రాతిమెట్లు వేల సంఖ్యలో ఎక్కి, రాత్రి ఘోరేపానీలో పడుకుని, తెల్లవారుజామున నుదుటి దీపాలు పెట్టుకుని గుంపుగా పైకి పోతారు. సూర్యుడు ధౌలగిరి కొసను తాకే క్షణం కోసం వందల మంది ఒకేసారి అటు తిరిగి నిలబడతారు. అక్కడ చూపు దూరానికి పోతుంది. ఎక్కినవాడు తనకంటే అయిదువేల మీటర్లు ఎత్తున్నదాన్ని చూసి తన కొలత తెలుసుకుంటాడు.

తక్‌త్సాంగ్ ఎక్కడానికి ఒక పూట చాలు. పైన్ చెట్ల మధ్య మట్టి బాట, ప్రార్థనా పతాకాలు, సగం దారిలో టీ తాగేచోటు, చివర్లో మెట్లు దిగి, జలపాతం పక్కగా పోయి మళ్ళీ మెట్లు ఎక్కాలి. గుమ్మం దగ్గర సంచి, ఫోను, కెమెరా అప్పగించి, చెప్పులు విడిచి లోపలికి పోవాలి. గురు పద్మసంభవుడు ఎనిమిదో శతాబ్దంలో ఆడపులి మీద ఎగిరివచ్చి అక్కడి గుహలో తపస్సు చేశాడని భూటానీయుల నమ్మకం. మఠం కట్టింది 1692లో. అంత శ్రమపడి ఎక్కినవాడికి లోపల దొరికేది చీకటి గది, వెన్నదీపం వాసన. చూపు లోపలికి పోతుంది. పూన్ హిల్ మీద ఫోటో తీయకుండా ఉండలేం, పులిగుహలో తీయనివ్వరు. రెండూ ప్యాకేజీలో 'సాహసం' గడిలోనే ఉంటాయి. ముక్తినాథ్ కొండ ఎక్కి వచ్చిన మన పెద్దవాళ్ళకు ఇది అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే అలుపును, మొక్కును వాళ్ళెన్నడూ విడదీసి చూడలేదు.

నాలుగైదు రోజుల నడకల దగ్గర తేడా ఇంకా పెరుగుతుంది. నేపాల్‌లో ట్రెక్కింగ్ వ్యాపారం 1964లో మొదలైంది. గూర్ఖా దళంలో పనిచేసిన జిమ్మీ రాబర్ట్స్ పెట్టిన మౌంటెన్ ట్రావెల్ మొదటి సంస్థ. మొదట గుడారాలు మోసుకుపోయేవారు. పోనుపోను దారి పొడవునా గురుంగులు, మగర్లు, థకాలీలు తమ ఇళ్ళనే బసలుగా మార్చుకున్నారు. ఇప్పుడు అన్నపూర్ణ చుట్టూ ప్రతి రెండు గంటల నడకకూ ఒక లాడ్జి. గది అద్దె తక్కువ, భోజనం మాత్రం వాళ్ళ దగ్గరే చేయాలని ఒప్పందం. పప్పు, అన్నం, ఆకుకూర, ఊరగాయ కలిపిన దాల్‌భాత్ అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. వంటింటి పొయ్యి చుట్టూ కూర్చుంటే ఇంటివాళ్ళ కొడుకు ఖతార్‌లో ఉన్నాడో, మలేషియాలో ఉన్నాడో తెలిసిపోతుంది. నేపాల్ కొండదారిలో మనం ఒకరి ఇంటి మీదుగా నడుస్తాం.

భూటాన్‌లో పారో నుంచి థింఫు పోయే డ్రుక్ పాత్ దారిలో అలాంటి ఇల్లొకటీ ఉండదు. 4,000 మీటర్లు దాటే కనుమలు, చిన్న చిన్న సరస్సులు, రోడోడెండ్రాన్ అడవి. గుడారాలు, వంటసామాను గుర్రాల మీద వస్తాయి. గైడు, వంటమనిషి, గుర్రాలతను ముందుగా చేరి విడిది సిద్ధం చేస్తారు. మనం చేరేసరికి వేడినీళ్ళు, టీ తయారు. రాజ్యాంగమే దేశంలో కనీసం 60 శాతం అడవి ఉండాలని శాసించిన దేశం అది, నడిచేవాడికి ఆ వాక్యం కాళ్ళ కింద తెలుస్తుంది. మనుషులు తక్కువ, కనుక మాట తక్కువ. నేపాల్ దారిలో ఎదురయ్యే ఆ చనువు, ఆ బేరాలు, ఆ నవ్వులు ఇక్కడ వెతికినా దొరకవు. అలాగే ఇక్కడి ఏకాంతం పూన్ హిల్ బాటలో ఎంత డబ్బు పోసినా దొరకదు. రెండో దారిని మొదటిదానికంటే పవిత్రమనడం సులువు. నేనా మాట అనను. పొయ్యి పక్కన మనిషి కష్టసుఖాలు వినడమూ కొండ ఎక్కిన ఫలమే.

శిఖరాల పట్ల కూడా ఇలాంటి దగ్గరితనం, ఇలాంటి ఎడం కనిపిస్తాయి. పర్వతారోహణకు నేపాల్ కేంద్రంలాంటిది. మనిషి ఎక్కిన మొదటి 8,000 మీటర్ల శిఖరం అన్నపూర్ణ, 1950లో. కానీ పోఖరా నుంచి చేపతోకలా కనిపించే మచ్ఛాపుచ్ఛ్రే ఎక్కడానికి మాత్రం అనుమతి ఇవ్వరు. 1957లో ఒక బ్రిటిష్ బృందం కొసకు కొద్ది దూరంలో, దేవతకు గౌరవంగా, ఆగి వెనక్కి వచ్చింది. నేపాల్ ఒక్క శిఖరానికి ఇచ్చిన ఈ మర్యాదను భూటాన్ అన్నిటికీ ఇచ్చింది. 1994లో 6,000 మీటర్లు దాటిన కొండలు ఎక్కకూడదంది, 2003లో పర్వతారోహణనే పూర్తిగా మానిపించింది. 7,570 మీటర్ల గంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ ఇప్పటికీ మనిషి అడుగు పడని కొండల్లో అన్నిటికంటే ఎత్తైనది.

నదుల గురించి ఎక్కువ చెప్పను. నేపాల్‌లోని త్రిశూలి నదిలో పడవ ఎగిరిపడుతుంది, పక్కనే రోడ్డు మీద లారీలు పోతుంటాయి. పునాఖాలో మో ఛూ మీద పడవ మెల్లగా జోంగ్ గోడల కిందికి చేరుతుంది. ఈ రెండు నీళ్ళకూ మూలం మంచే, భయమూ ఒక్కటే. 1985లో దిగ్ త్సో అనే హిమసరస్సు గట్టు తెగి నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో కొత్తగా కడుతున్న జలవిద్యుత్ కేంద్రాన్ని తుడిచిపెట్టింది. 1994లో భూటాన్‌లోని లుగ్గే త్సో సరస్సు తెగి వరద పునాఖా దాకా వచ్చింది. పడవ ఎక్కే ముందు గైడు లైఫ్ జాకెట్టు కట్టుకోమంటాడు, ఈ రెండు సరస్సుల సంగతి కూడా చెబితే బాగుంటుంది.

తిండి దగ్గర తెలుగువాడు రెండుచోట్లా ఇంటివాడే అయిపోతాడు. నెవారీ విందులో అటుకులు ఉంటాయి, మినప్పప్పు రుబ్బి పెనం మీద వేసే బారా ఉంటుంది, భక్తపూర్ మట్టికుండలో తోడుపెట్టిన జుజు ధౌ పెరుగు ఉంటుంది. భూటాన్‌లో మిరపకాయే కూర. ఎమా దత్షీ అంటే మిరపకాయలు, జున్ను కలిపి ఉడికించినది. శరత్కాలంలో పారో ఇళ్ళ కప్పుల మీద ఎర్రగా ఆరబోసిన మిరపపండ్లను చూస్తే గుంటూరువాళ్ళు కాసేపు నిలబడిపోతారు.

గైడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే యాత్ర రుచి సగం అతని చేతిలోనే ఉంది. భూటాన్‌లో థింఫు, పారో దాటి పోవాలంటే లైసెన్సున్న గైడు తప్పనిసరి. అతను ఘో కట్టుకుని వస్తాడు. జోంగ్ గడప దగ్గర ఆగి పొడవాటి కబ్నే ఉత్తరీయాన్ని భుజాన సర్దుకుని గానీ లోపలికి అడుగుపెట్టడు. అతను మనకు దేశాన్ని చూపించడమే కాదు, దేశం తరఫున మనల్ని కనిపెట్టుకునీ ఉంటాడు. నేపాల్‌లోనూ విదేశీ ట్రెక్కర్లకు గైడు ఉండాలని 2023 ఏప్రిల్‌లో నిబంధన పెట్టారు, కానీ అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు. నేపాల్ గైడు చాలామటుకు పోర్టరుగా బరువులు మోసి, దారిలో ఇంగ్లీషు నేర్చి, పరీక్ష రాసి పైకొచ్చినవాడు. అతని మాటలో పాఠం తక్కువ, అనుభవం ఎక్కువ. భూటాన్ గైడు శాక్యముని జీవితాన్ని గోడ మీది బొమ్మలు చూపిస్తూ తడుముకోకుండా చెబుతాడు. నేపాల్ గైడు ఆకాశం చూసి మధ్యాహ్నం వాన పడుతుందని చెబుతాడు. మొదటివాడి దగ్గర ప్రశ్నలు అడగాలి, రెండోవాడి వెనక నోరు మూసుకుని నడవాలి. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఇద్దరినీ ఒకే కొలతతో కొలిచే యాత్రికుడు ఎవరో ఒకరికి అన్యాయం చేస్తాడు.

డబ్బు సంగతి. భూటాన్ భారతీయుల దగ్గర రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుం తీసుకుంటుంది, ఇతర విదేశీయులకు ఇప్పుడది 100 డాలర్లు. తక్కువ మంది రావాలి, వచ్చినవాళ్ళు ఎక్కువ ఇవ్వాలి అన్నది వాళ్ళ విధానం. నేపాల్‌కు 2023లో 10 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు, ఇంకా రావాలని కోరుకుంటోంది. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ప్రవేశ రుసుం ఉంది. భక్తపూర్ మునిసిపాలిటీ కూడా తీసుకునే టికెట్టు డబ్బును కట్టడాల మీద ఖర్చుపెడుతుంది. అంటే రుసుం ఆలోచన రెండుచోట్లా ఉంది, ఒకచోట దేశం గుమ్మం దగ్గర, మరొకచోట ఊరి గుమ్మం దగ్గర. భూటాన్ పద్ధతిని మెచ్చుకునేవాళ్ళు తరచూ నేపాల్‌ను తక్కువచేసి మాట్లాడతారు. వాళ్ళకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1990ల మొదట్లో భూటాన్ దక్షిణ జిల్లాల నుంచి నేపాలీ మాట్లాడే లోత్‌షంపాలు లక్షకు పైగా దేశం విడిచిపోవాల్సివచ్చింది. వాళ్ళు తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్ళకు పైగా గడిపారు. 2007 చివరి నుంచి ఎక్కువమంది అమెరికాకు, కొందరు ఇతర దేశాలకు వెళ్ళి స్థిరపడ్డారు. ఒకే దుస్తులు, ఒకే మర్యాద అనే నియమం అందంగా కనిపించేది దానిలో ఇమిడినవాళ్ళకే. అలాగే తలుపులు బార్లా తెరిచిన నేపాల్‌ను ప్రేమించేవాళ్ళు, ఆ తలుపుల నుంచే రోజూ వందలాది మంది యువకులు గల్ఫ్ విమానాలెక్కి పోతున్నారని మరవకూడదు. ఇటీవలి సంవత్సరాల్లో భూటాన్ యువత కూడా ఆస్ట్రేలియా బాట పట్టింది. కంచె వేసిన ఇల్లూ, వేయని ఇల్లూ రెండూ పిల్లలను నిలుపుకోలేకపోతున్నాయి.

ఇంత ఎడం చూశాక దగ్గరితనం చెప్పకపోతే విమర్శ పూర్తికాదు. మధ్య భూటాన్‌లో చెందెబ్జీ స్తూపం మీద నాలుగు దిక్కులా కళ్ళున్నాయి, అవి ఖాట్మండు స్వయంభూ స్తూపం కళ్ళు. తూర్పు కొసన త్రాషియాంగ్‌త్సేలో ఛోర్తెన్ కోరా అనే స్తూపం 1740లో బౌద్ధనాథ్‌ను చూసి కట్టినది. నమూనాను ముల్లంగి దుంప మీద చెక్కి తెచ్చారనీ, దారిలో అది ఎండి కుంచించుకుపోవడం వల్ల కొలత కొంచెం తేడా వచ్చిందనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. లోయ నెవారీ శిల్పుల పేరు హిమాలయం దాటి ఎంత దూరం పోయిందంటే, 13వ శతాబ్దపు అరనికో చైనాలో కుబ్లాయ్ ఖాన్ కొలువుకు వెళ్ళి ఇప్పటి బీజింగ్‌లో శ్వేత స్తూపం కట్టాడు. ఈ దారిలో మన వాటా కూడా ఉంది. హిమాలయ బౌద్ధులు కాలచక్ర బోధ జరిగిందని నమ్మే ధాన్యకటకం మన అమరావతే, 2006 జనవరిలో దలైలామా అక్కడికే వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. నాగార్జునుణ్ణి వాళ్ళు ఆచార్యుడిగా కొలుస్తారు. పారో గైడుకు అమరావతి పేరు చెప్పి చూడండి, అతని సంభాషణ తీరే మారుతుంది.

ఇప్పుడు నా పేచీ దగ్గరికి వస్తాను. నాగర్‌కోట్ గట్టు మీద తెల్లారి మంచుకొండలు చూసి, పొలాల మధ్యగా దిగి వస్తే చాంగు నారాయణ్ ఆలయం చేరతాం. అక్కడ మానదేవుడనే రాజు క్రీ.శ. 464లో వేయించిన శాసనం ఉంది. అక్కడి నుంచి ఇంకా దిగితే భక్తపూర్ కుమ్మరి చౌకులోకి వస్తాం. అలాగే డ్రుక్ పాత్ నడక పారో జాతీయ మ్యూజియం దగ్గర మొదలై, చివరిరోజు ఫజోదింగ్ మఠం మీదుగా నేరుగా థింఫులోకి దిగుతుంది. మొదటిది కొండ నుంచి ఊరికి, రెండోది ఊరి నుంచి ఊరికి. ఈ రెండు నడకల్లో సంస్కృతి రోజు ఏది, సాహసం రోజు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ కలిపి అమ్మే యాత్రల్లో ఈ రెండూ సాధారణంగా ఉండవు, ఉన్నా ఐచ్ఛికమని చివర్లో రాస్తారు.

కాబట్టి నా తీర్పు ఇది. పదిరోజుల్లో రెండు దేశాలూ చూపిస్తామనే యాత్ర రెండింటికీ న్యాయం చేయదు. ఉన్నవి పదిరోజులే అయితే ఒక్క దేశాన్ని ఎంచుకోండి. ముక్తినాథ్ చూసివచ్చినవారు భూటాన్‌నూ, నిబంధనలు నచ్చనివారు నేపాల్‌నూ. మూడు వారాలు దొరికితే ముందు నేపాల్, తర్వాత భూటాన్. లోయలోని మూడు ఊళ్ళకూ కలిపి కనీసం నాలుగు రోజులు ఇవ్వండి, తక్‌త్సాంగ్‌ను ఎత్తుకు శరీరం అలవాటుపడ్డాక చివర్లో ఎక్కండి. మార్చి నుంచి మే దాకా, లేదా అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళండి. డబ్బు కట్టే ముందు ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి: గైడు స్థానికుడేనా, పోర్టరుకు బీమా ఉందా, చాంగు నారాయణ్ నడక యాత్రలో ఉందా? మూడింటికీ అవునని రాతపూర్వకంగా ఇచ్చినవారి దగ్గరే టికెట్టు కొనండి.